ఆ రోజు మాట ఫోర్‌షాడో

ఇంగ్లీషు పరీక్ష మా అమ్మాయికి, శిక్షేమో నాకు. నేను ఇస్త్రీ చేస్తుంటే రోజుకో మాట నా నెత్తిన రుద్దుతుంది. ఆ రోజు మాట ఫోర్‌షాడో.

"జరగబోయేదాన్ని ముందే చూచాయగా చెప్పడమన్నమాట. కథ మొదట్లో ఉరుముతుంది చూడు, చివర్లో ఎవరో ఒకరు పోతారు."

"నోరు మూసుకుని తిను" అన్నాను. మా అక్కకి రొమ్ములో గడ్డ కనిపిస్తే ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు ఆ సాయంత్రమే. బావ వెళ్లి తెస్తానన్నాడు. అక్క జాకెట్టు కోసం కొన్న గుడ్డ నా బీరువాలోనే ఉంది. ఛాతీ కొలత దగ్గరికొచ్చేసరికి కత్తెర ఆడలేదు, మడిచి లోపల పెట్టేశాను.

ఇక ఆ మాట నన్ను వదిలితేగా! నేను పనిచేసే కుట్టుమిషన్ల షెడ్డులో కూర్చోగానే సూది విరిగింది. ఫోర్‌షాడో. కాలరు తిరగేసి కుట్టాను. ఫోర్‌షాడో. కరెంటు పోయింది. షెడ్డంతటికీ పోయినా, నాకోసమే పోయిందనుకున్నాను.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. మంచి కబురైతే ఫోను, చెడ్డ కబురైతే మనిషి. నాన్న పోయిన సంగతి ఫోన్లో విని అమ్మ కుప్పకూలింది, అప్పట్నుంచీ అంతే. అందుకే ఫోను ఒళ్లో పెట్టుకుని మాటిమాటికీ చూసుకున్నాను. మధ్యాహ్నం నుంచి భయమేసి బోర్లా పెట్టేశాను. అది మోగలేదు.

సాయంత్రం షెడ్డు గుమ్మంలో బావ చెప్పులు కనిపించాయి. నేను తలెత్తలేదు. దారం బాబిన్ వెతుకుతున్నట్టు బల్ల కిందకి దూరిపోయాను.

"ఏమ్మా, ఇవాళ అక్కడే కాపురమా?"

"చెప్పకు బావా!"

"చెప్పకపోతే మీ అక్క నన్ను ఇంట్లోకి రానివ్వదు. ఉత్త కొవ్వు గడ్డట. భయమేం లేదట!"

బల్ల కిందే భోరుమన్నాను. బయటికొచ్చాక కోపం తన్నుకొచ్చింది. "ఫోన్ చెయ్యడానికేం రోగం? మనిషొస్తే ఏమనుకుంటామో తెలీదా?"

"ఎన్నిసార్లు చేశాననుకున్నావ్! స్విచ్చాఫ్. గుమ్మంలో నిలబడి పళ్లికిలిస్తూ చెయ్యూపుతుంటే, నువ్వేమో కిందకి దూరావ్."

ఫోను నొక్కి చూశాను. నేను చూసీ చూసీ ఛార్జింగు ఎప్పుడో అయిపోయింది. పక్క మిషన్ల వాళ్లు పడీ పడీ నవ్వారు. నేనూ ముక్కు చీదుకుంటూ నవ్వాను. ఎంత హాయిగా ఉందో!

ఇంటికి రాగానే మా అమ్మాయి, "పొద్దుటి మాటతో ఒక వాక్యం చెప్పమ్మా" అంది.

"ఉండవే, పనుంది" అని బీరువాలోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచాను. సుద్దతో అక్క పాత కొలతే గీసి, కత్తెర పెట్టాను.