హర్ష దిగే చోటు

మూడు మ్యాచ్‌ల బాస్కెట్‌బాల్ పోరులో ఆత్మకూరు, ఉదయగిరి చెరొకటి గెలిచాయి. మిగిలింది ఈ సాయంత్రం ఆట ఒక్కటే. ఆత్మకూరు అంటే హర్షే. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. మొదటి మ్యాచ్‌లో ముప్ఫై ఎనిమిది పాయింట్లు, రెండోదాంట్లో ముప్ఫై నాలుగు. అతన్ని ఆపే పని ఉదయగిరి ఆటగాడు మాల్యాద్రి మీద పడింది.

మధ్యాహ్నం దాకా మేకలు కాసి వచ్చిన మాల్యాద్రి బూట్లు కట్టుకుంటుంటే, ఉదయగిరి క్లబ్బు ప్రెసిడెంటు రామనారాయణ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"వాణ్ణి ఆపితే సోమవారం నుంచి మన స్కూల్లో నువ్వే ఆటల మాస్టరువి. మేకల్ని మీ నాయన చూసుకుంటాడు."

"ఆపతాను సార్."

"ఆగడ్రా వాడు. వాడు ఎగిరి దిగే చోట నీ పాదం పెట్టు. చీలమండ తిరిగిపోతాది."

మాల్యాద్రి లేసు ముడి బిగించాడు. ఆ ఉద్యోగం కోసం మూడేళ్లుగా తిరుగుతున్నాడు. "ఆటతోనే ఆపతాను సార్. అట్టా చెయ్యను."

రామనారాయణ కోప్పడలేదు. నవ్వాడు. మాల్యాద్రికి ఆ నవ్వుకే భయమేసింది.

సాయంత్రమైతే కొండ గాలి ఉదయగిరి కోర్టు పడమటి మూలను కోసుకుంటూ పోతుంది. అక్కణ్ణుంచి వేసిన బంతి పక్కకు పోతుందని ఊళ్లో ఆడేవాళ్లకే తెలుసు. మాల్యాద్రి ప్రతిసారీ హర్షను ఆ మూలకే నెట్టాడు. బంతులు రింగుకు కొట్టుకుని బయటపడ్డాయి.

"ఏందబ్బా, ఈ మూలకే తోలతా ఉండావు? నేనేమన్నా మేకనా?" అన్నాడు హర్ష.

"మేకైతే ఈపాటికి మాట వినేదిలే!"

ఆరు సెకన్లు మిగిలాయి. ఉదయగిరి ఒక్క పాయింటు ముందుంది. జనమంతా లేచి నిలబడ్డారు. రామనారాయణ ఒక్కడే కూర్చుని మాల్యాద్రి పాదాలనే చూస్తున్నాడు.

హర్ష ఆ మూలలోనే ఎగిరాడు. బంతి మాల్యాద్రి వేళ్లను దాటింది. గాలి దాన్ని పక్కకు నెట్టింది. గెలిచాం అనుకున్నాడు మాల్యాద్రి.

సరిగ్గా అప్పుడే అతని ఎడమకాలు దానంతటదే ముందుకు జారింది. రోజూ సందేళ దొడ్డి వాకిట్లో, దూకి వచ్చే మేకల్ని ఆపి ఒక్కొక్కటిగా లోపలికి వదిలే కాలు అది.

హర్ష దానిమీదే దిగాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. బంతి రింగును తాకకుండానే కిందపడింది.

ఆత్మకూరు వాళ్లు ఫౌల్ అని అరిచారు. రిఫరీ ఒకసారి రామనారాయణ వైపు చూసి, విజిల్ ఊదకుండానే నోట్లోంచి తీసేశాడు.

"కావాలని పెట్టలేదు హర్షా! ఒట్టు!"

హర్ష కాలు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. "థూ! ఇందుకేనట్రా నన్ను ఈ మూలకు తోలింది?"

మాల్యాద్రి వంగి అతన్ని లేపబోయాడు. భుజం మీద ఒక చెయ్యి పడింది.

"చెయ్యనంటివే!" రామనారాయణ చెవి దగ్గరకు వంగాడు. "సోమవారం తొమ్మిదికి వచ్చెయ్. వచ్చే నెల నెల్లూరోళ్లతో ఆట ఉండాది. వాళ్లల్లోనూ ఒకడుండాడు, ఇట్టాంటోడే."

"నాకా ఉద్యోగం వద్దు సార్."

భుజం మీది పట్టు బిగిసింది.

"నిన్ను అడిగినానా?"