వదిన తీసే కాల్వ

మా ఆయన ఇంద్రసేన దేన్నయినా తలకెత్తుకున్నాడంటే ఇక ఇంట్లో వేరే మాట ఉండదు. పోయిన వేసవిలో ఆయన తలకెత్తుకున్నది మట్టి.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మాది పాత ఇల్లు. వెనక చిన్న పెరడు, అంతా నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు. వానాకాలం అడుగు వేస్తే చెప్పు అక్కడే ఉండిపోతుంది, కాలొక్కటే బయటికొస్తుంది. దానికి తోడు సందులో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోసుకుంటూ పోయారు. ఇప్పుడు రోడ్డు మా గడపకన్నా ఎత్తు. వాన పడితే సందులో నీళ్లన్నీ మా పెరట్లోకే వస్తాయి. ఆ రేగడి నీళ్లను తాగదు, వదలదు.

అందులో బతికి బట్టకట్టింది ఒక్క సీతాఫలం చెట్టే. మా ఆయన అక్క జమున చిన్నప్పుడు తిని ఉమ్మేసిన గింజట అది. పెళ్లయి గౌలిగూడ వెళ్లాక కూడా వదిన దాన్ని వదల్లేదు. ఏటా మృగశిర నాడు, చేపమందు జనంతో నాంపల్లి రోడ్లన్నీ కిక్కిరిసి ఉన్నప్పుడు, గోనెసంచిలో చుట్టిన చిన్న పార పట్టుకుని ఆటో దిగేది. చీర కుచ్చిళ్లు దోపి, చెట్టు మొదట్లోంచి గోడవతల మురుగు పారే మోరీ దాకా తనే కాల్వ తీసేది. సాయం చేయబోతే కసిరేది.

"నీళ్లు నిలిస్తే చెట్టుకు ఊపిరాడది మృదులా. రేగడి సంగతి నాకెరుక," అనేది.

తర్వాత చేతులు కడుక్కుని, నేను చేసిన చేపల పులుసు తిని, పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పి వెళ్లిపోయేది. ఆమె భర్త పోయాక పుట్టింటికి వదిన రాక ఆ ఒక్క రోజే అయింది. పండక్కి పిలిస్తే "గాడ నాకేం పనుందే?" అనేది. చుట్టంలా వచ్చి కూర్చోవడం ఆమెకు చేతకాదు. పనుంటేనే వస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు, మా ఆయనకూ తెలుసు. తెలిసీ మా ఆయన చేసిన పని చూడండి.

పెరడు ఎత్తు చేయిద్దామన్నాడు. గడ్డి, మల్లెపొదలు, చెట్టు కింద ఒక బెంచీ. "అక్కకు మోకాళ్లు నొస్తున్నయ్. గా బురదల ఎన్నేండ్లు తవ్వుతది? కుర్చుంటది హాయిగ," అన్నాడు. ఉద్దేశం బంగారం, కాదనను.

ఇక మట్టి వేట మొదలైంది. ఆదివారం వస్తే చాలు, పాలిథిన్ కవర్లలో రకరకాల మట్టి తెచ్చి అన్నం తినే టేబుల్ మీద పరిచేవాడు. అబిడ్స్‌లో ఏదో కాంప్లెక్సుకు సెల్లార్ తవ్వుతున్నారు, ఆ మట్టి తీసుకుపొమ్మని తెలిసినాయన చెబితే వెళ్లి చూసి, ముఖం ముడుచుకుని వచ్చాడు.

"గది సచ్చిన మట్టి. పాతాళంల కెళ్లి తీసింది. దాంట్ల గడ్డి గూడ మొలవది."

చివరికి ఊరవతల చెల్క భూమి పైపొర మట్టి కుదిరింది. ఎర్రగా, మెత్తగా ఉంది. తడిపి పిడికిట్లో నొక్కితే ముద్దయింది, వేలితో తడితే పొడిపొడిగా రాలింది. రాళ్లు లేవు. పశువుల ఎరువు వేరే తెప్పించాడు. మట్టి ఎంపికలో ఆయనకు వంక పెట్టడానికి లేదు, ఆ మాట ఇప్పటికీ అంటాను.

టిప్పర్ లోపలికి రాలేక పొద్దున్నే మట్టిని సందు మొదట్లోనే గుమ్మరించి పోయింది. ఎదురింటి సదాశివ స్కూటర్ బయటికి రాక ఒకటే తిట్లు. కూలీలు తట్టలతో మోసి, రేగడిని గెలకనైనా గెలక్కుండా దాని మీదే పోసి చదును చేశారు. చెట్టు మొదలు మోకాలెత్తున మట్టిలో కూరుకుపోయింది.

"మరి వదిన తీసే కాల్వ?" అని అడిగాను.

"నేలే ఎత్తయినంక కాల్వ ఎందుకే?" అని నవ్వాడు.

ఆ సాయంత్రమే అక్కకు ఫోన్ చేశాడు. నేను పక్కనే బియ్యం ఏరుకుంటున్నాను. చిన్నపిల్లాడు బొమ్మ గురించి చెప్పినట్టు ఎన్ని తట్టలో, ఎంత ఎత్తో, చెట్టు మొదట్లో ఎంత మట్టి వచ్చిందో అన్నీ చెప్పాడు. చివరికి అన్నాడు: "గీ ఏడు మృగశిరకు నువ్వు రావాల్సిన పనేలేదక్కా. ఫికర్ చేయకు."

 అవతల నుంచి "మంచిదేరా... మంచిదే," అని వినిపించింది.

 'పని లేకున్నా రా అక్కా' అని ఒక్క ముక్క అనరాదా అని ఆయన్ను దులిపేశాను. "ఇల్లు ఆమెది గాదా, పిలుచుడేంది?" అన్నాడు. మృగశిర నాడు పులుసు చేసి సాయంత్రం దాకా చూశాను. వదిన రాలేదు.

వానలు పడ్డాయి. పెరడు చూస్తే కన్నులపండువ. పైన చుక్క నీరు నిలవడం లేదు. "చూసినవా, ఎట్ల గుంజుకుంటుందో!" అని గొడుగేసుకుని మరీ నిలబడి మురిసిపోయేవాడు. గుంజుకున్న నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఆయనా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

శ్రావణానికి చెట్టు ఆకులు పచ్చబడ్డాయి. తర్వాత రాలాయి. పిందెలు నల్లబడి కొమ్మలకే వేలాడాయి. ఎరువు చాలలేదేమోనని ఇంకో తట్ట పోశాడు. భాద్రపదంలో ఒకరోజు గడ్డపార తెచ్చి మొదట్లో తవ్వాడు. పైన ఎర్రమట్టి బాగానే ఉంది. దాని కిందికి పోగానే గుంటలో నల్లటి నీళ్లు ఊరాయి, మోరీ వాసన కొట్టింది. ఎర్రమట్టి తాగిన నీళ్లన్నిటినీ అడుగున రేగడి గిన్నెలా పట్టి ఉంచింది. చెట్టు బెరడు పట్టుకుంటే తడి కాగితంలా చేతిలోకి వచ్చేసింది.

ఆయన అక్కడే ఆ మట్టిలో కూలబడ్డాడు. నాకు కోపం రావాలి, రాలేదు. జాలేసింది.

"అక్కకు చెప్పకు," అన్నాడు.

ఏటా దసరాకు మొదటి కాయలు గౌలిగూడకు వెళ్లాలి. ఈసారి మొజంజాహీ మార్కెట్లో కొన్నాడు. మా చెట్టు కాయల్లా ఉండాలని చిన్నచిన్నవి ఏరి, ఎప్పుడూ కట్టే తువ్వాలులోనే కట్టాడు. నేను నోరు మూసుకుని వెంట వెళ్లాను.

వదిన మేడమీద వాటాలో ఉంటుంది. గోడ పట్టుకునే నిలబడి తలుపు తీసింది. మమ్మల్ని చూసి ముఖం విప్పారింది. మూట విప్పి, ఒక కాయ తీసుకుని, కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసింది.

"ఏ మార్కెట్ల తెచ్చినవ్‌రా?"

ఆయన తువ్వాలు అంచు సర్దుతున్నాడు.

"మన కాయకు కండ్ల నడుమ ఎరుపుంటది. దీనికి తెలుపుంది," అని కాయను మెల్లగా కింద పెట్టింది. "చెట్టు పోయిందా?"

ఆయన తలూపాడు.

"మొదట్ల మోకాలెత్తు మట్టి పోసిన్రని ఫోన్‌ల చెప్పినవ్ సూడు, గప్పుడే అనుకున్న."

"మరి చెప్పొద్దా అక్కా! ఒక్క మాటంటే తెల్లారి తీపిస్తుంటి గదా!"

"ఎంత సంబరంగ చెప్పినవ్‌రా. నా నోటితోని ఎట్ల పాడు చేయాలె?"

"పోనీ వచ్చి సూడకపోతివి. వస్తే కండ్లతోని సూసి తిడుతుంటివి."

వదిన ఆయన వైపు ఆశ్చర్యంగా చూసింది. గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు.

"రావాల్సిన పనిలేదంటివి గదరా, తమ్మీ."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.  చివరికి ఆయన అన్నాడు: "మట్టంత తీపిస్తనక్కా. వచ్చే మృగశిరకు నువ్వు రా."

"ఇంకేం కాల్వరా? చెట్టే లేకపాయె. మెట్లు దిగి గూడ చానా దినాలాయె."

టీ పెడతానంటే నన్ను వంటింట్లోకి వెళ్లనివ్వలేదు, తనే పెట్టింది. బయల్దేరుతుంటే తలుపు వెనక నుంచి గోనెసంచి మూట తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది నువ్వే ఉంచుకో. నాకిక్కడ అడ్డం."

కిందికి దిగాక ఆయన మూట విప్పాడు. పాత పారకు కొత్త పిడి వేయించి ఉంది. తెల్లటి కర్ర, చేతికి గుచ్చుకోకుండా నున్నగా చెక్కించింది. దానికి ఇంకా మట్టి అంటలేదు.