బల్లకు నెలవంక కోత

కుర్చీ ముందుకు జరుపుకుంటే బల్ల అంచు కడుపుకి తగులుతోంది. వెనక్కి జరిగితే చేతులు కుట్టుమిషన్ సూదిదాకా అందడం లేదు. కోడలికి ఎనిమిదో నెల మరి. ఆసుపత్రి నర్సులకు నలభై తెల్లకోట్లు శనివారానికల్లా కుట్టివ్వాలి. రెండేళ్లు ఆ మెట్లెక్కి దిగి సంపాదించుకున్న పని అది. ఇప్పుడు మాట తప్పితే సందు చివరి టైలరు తన్నుకుపోతాడు.

"ఆ ఆర్డరుకి అర్ధచంద్రం ఇచ్చి పంపెయ్యవే! బిడ్డ ముఖ్యమా, బొత్తాలు ముఖ్యమా?" అంది అత్త.

"రెండూ ముఖ్యమే అత్తయ్యా. బావగారు ఈ బల్లని కాస్త నెలవంకలా కోసిపెడితే ఇద్దరం సర్దుకుంటాం."

బావగారంటే భర్తకి అన్న. వడ్రంగి. మిషన్ పొదిగిన ఆ పెద్ద టేకు బల్ల ఆయన ముచ్చటపడి చేసిందే. దాన్ని కొయ్యమనేసరికి ఆయన ప్రాణం ఉసూరుమంది. అంతకన్నా పెద్ద చిక్కు కొలత. తమ్ముడి భార్య నడుం చుట్టూ టేపు పట్టుకు తిరగలేడు కదా! గోడకేసి చూస్తూ అడిగాడు.

"నెలవంకంటే ఏ రోజుదమ్మా? మూడోనాటిదా, ఐదోనాటిదా?"

"కొడవలంత కొయ్యరా," అంది అత్త.

"ఏ కొడవలమ్మా? గడ్డి కోసేదా, కొమ్మలు నరికేదా?"

"పోనీ, పుచ్చకాయ ముక్కంత!"

"ముక్క కోసేది నువ్వా, అమ్మేవాడా?"

ఎటూ తేలలేదు. కుర్చీల వీపు మీద తాను రోజూ చెక్కే వంపే ఆయన కళ్లముందు మెదిలింది. అంతే కోశాడు. గోరు కత్తిరించినట్టు సన్నటి ముక్క రాలిపడింది. కోడలు కూర్చుని చూసింది. తగులుతూనే ఉంది.

"ఇది నెలవంక కాదు బావగారూ, కనుబొమ్మ!"

అత్త పడీపడీ నవ్వింది. వడ్రంగి చెవులు ఎర్రబడ్డాయి. ఇంకోసారి తప్పితే బల్ల పొయ్యిలోకే.

కోడలు పాత పేపరు తీసి కడుపుకి ఆనించి సుద్దతో గీసింది. చొక్కాకి చంక తీసినట్టు, రెండు వేళ్ల వదులు కలిపి కత్తిరించి చేతికిచ్చింది.

"ఇంతా!" అనేసి నాలిక్కరుచుకున్నాడాయన.

"వచ్చే మూడు వారాలక్కూడా కలిపి," అందామె నవ్వుతూ.

ఈసారి రంపం కాగితం అంచు దాటలేదు. కోసిన చోట గరుకుకాగితంతో రుద్ది, దూదిపింజ ఆడించి చూశాడు. ఎక్కడా పట్టుకోలేదు. కోడలు ఆ వంపులోకి ఒదిగి కూర్చుంది. చేతులు సూదిని అందుకున్నాయి. మిషన్ కదిలింది.

శనివారం పొద్దున నలభై కోట్లూ మడతపెట్టి సిద్ధంగా ఉన్నాయి. తీసుకెళ్లడానికొచ్చిన పెద్దనర్సు బల్ల వంక చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"మా దగ్గర చీటీలు రాసే అమ్మాయికి ఏడో నెల. దాని బల్లకీ ఇలాంటి నెలవంక కొయ్యకూడదూ?"

"కోస్తానమ్మా," అన్నాడు వడ్రంగి. "నెలవంకా కొడవలీ అని మాత్రం చెప్పించకండి. కాగితం కత్తిరించి పంపమనండి."