మూల అరలో అత్తగారి చెయ్యి

రోజూ పొద్దున్న ఆరింటికి కోడలు పొయ్యి వెలిగించి, వంటగట్టు కింద మూల అర ముందు చతికిలబడి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టేది. లోపలి నుంచి అత్తగారి చెయ్యి గిన్నె అందించేది.

అత్తగారు పోయి ఆరేళ్ళయింది. బతికున్నన్నాళ్ళూ సామానంతా ఆ మూలలోనే కుక్కి, ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. పోయాక కూడా ఆ పెత్తనం వదల్లేదు, అంతే. ఇంట్లో ఎవరికీ అది వింతగా తోచలేదు. కాకపోతే ఆ చెయ్యి మహా మొండిది. అడిగిన గిన్నె ఇచ్చేది కాదు, ఆ పూట ఎంతమంది తింటారో లెక్కేసి అంతకు సరిపడేది ఇచ్చేది. ఒకసారి చిన్న గిన్నె అడిగితే పెద్దది వచ్చింది. కోడలు గొణుక్కుంటూనే వండింది. మధ్యాహ్నానికల్లా ఆడపడుచు పిల్లాపాపలతో దిగింది. ఆ తరవాత కోడలు ఎదురు చెప్పడం మానేసింది.

కోడలు ఊళ్ళోని కుట్టుమిషన్ల కంపెనీకి రోజూ ముప్ఫై క్యారేజీలు కట్టి పంపుతుంది. పెళ్ళయి వచ్చినప్పుడు ఆమెకి నీళ్ళు కాచడం తప్ప ఏమీ రాదు. పక్కన నిలబెట్టుకుని, మాడినా విసుక్కోకుండా, చెయ్యి తిప్పడం దగ్గర్నుంచీ నేర్పింది అత్తగారే. ఆ వంటే ఇప్పుడు ఆమెకి ప్రాణం.

ఆ ప్రాణానికి మోకాళ్ళు అడ్డం పడ్డాయి. కూర్చుంటే లేవలేకపోతోంది, భర్త వచ్చి రెండు జబ్బలూ పట్టుకుని లేపాల్సి వస్తోంది. "కింద కూర్చోవద్దు, వంగొద్దు. వింటే ఎన్నేళ్ళయినా వండుకోవచ్చు, వినకపోతే మంచమే" అని డాక్టరు తేల్చేశాడు.

భర్త వడ్రంగిని పిలిపించాడు. వడ్రంగి గట్టు కింద తలుపులన్నీ తీసి చూసి పెదవి విరిచాడు.

"తలుపుల అరలంటే వంగాలి, దూరాలి, వెతకాలి. మీకు సొరుగులు కావాలమ్మా. లాగితే వెనకున్నది కూడా ముందుకొస్తుంది. పొయ్యి కింద లోతైన సొరుగు, బరువు గిన్నెలకి. పైన తక్కువ లోతుది, గరిటెలకి. మూతలు నిలబెట్టడానికి అడ్డపలకలు."

"మరి మూల?" అంది కోడలు.

వడ్రంగి టేపు కొస మూలలోకి తోశాడు. లోపల ఎవరో పట్టుకున్నారు. "పెద్దావిడ భలే బిగించి పట్టుకున్నారు, ఒక్కణ్ణే కొలవలేక చస్తుంటాను" అని కొలత రాసుకుని, తలగోక్కున్నాడు. "మూల తలుపు మూసేస్తేనే రెండు పక్కలా వెడల్పు సొరుగులు పడతాయమ్మా."

కోడలు మొహం మాడిపోయింది. "అయితే వద్దు."

వడ్రంగి వెళ్ళాక భర్త మెల్లగా అన్నాడు. "ముప్ఫైమందికి వండందే నీకు ముద్ద దిగదు కదా?"

"సోమవారం నుంచి మానేస్తాను. మనిద్దరికే అయితే ఒకసారి కూర్చుంటే సరిపోతుంది. నాకు అన్నీ నేర్పిన మనిషిని మూలలో పెట్టి మూసెయ్యమంటారా?"

ఆయన ఆ తల్లికి కొడుకు. సరేనని తలూపాడు.

సోమవారం పొద్దున్న కోడలు పళ్ళబిగువున కూర్చుని చెయ్యి పెట్టింది. "అత్తయ్యా, ఇవ్వాళ్టి నుంచి ఇద్దరమే. చిన్న గిన్నె ఇవ్వండి."

ముప్ఫైమంది గుండిగ వచ్చింది. లోపలికి తోసేసింది. మళ్ళీ అదే వచ్చింది. మళ్ళీ తోసింది. ఈసారి గుండిగ ధనామని బయటికొచ్చి ఆమె ఒడిలో పడింది. దాని వెనకే మూతలు, గరిటెలు, జల్లెడ, ఏనాడో పోయిందనుకున్న అట్లకాడ, ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. మూల మొత్తం ఖాళీ అయింది. ఆఖరున ఉత్త చెయ్యి వచ్చి, కోడలి మోకాలి మీద రెండుసార్లు తట్టి వెనక్కి వెళ్ళిపోయింది.

సామాను మధ్య కూర్చుని కోడలు వెక్కి వెక్కి ఏడ్చింది. "మీ రుణం ఎలా తీర్చుకోను అత్తయ్యా" అంది. తరవాత ముక్కు తుడుచుకుని, "ఏవండీ, నన్ను లేపండి. వడ్రంగిని రమ్మనండి. ఆ లోపు ఈ గుండిగ పొయ్యెక్కించండి, క్యారేజీలకి వేళవుతోంది" అని కేకేసింది.

వారం తిరిగేసరికి సొరుగులు బిగిశాయి. మూలకి తలుపు పోయి నున్నటి పలక వచ్చింది. వెళ్తూ వెళ్తూ వడ్రంగి గొంతు తగ్గించి చెప్పాడు. "సొరుగుల వెనక, మూల వైపు మాత్రం పలక కొట్టలేదమ్మా. పెద్దావిడకి దారి ఉండాలి కదా."

మర్నాడు కోడలు నిలబడే కూరలు తరిగింది. ఎక్కడా వంగలేదు, మోకాలు కిక్కురుమనలేదు. అయినా వంటిల్లు బోసిగా అనిపించింది. చేతులు తడిగా ఉన్నాయి, తుడుచుకుని గుండిగ తీద్దామనుకుంటుండగా, పొయ్యి కింది సొరుగు మెత్తగా జారి ఆమె ముందుకొచ్చి ఆగింది. అందులో రెండు గుండిగలున్నాయి.

కోడలు మారుమాట లేకుండా రెండూ పొయ్యి మీదికెక్కించింది.

అరగంటకి క్యారేజీలు పట్టుకెళ్ళే మనిషి గుమ్మంలోంచి రొప్పుతూ అడిగాడు. "అమ్మా, కంపెనీలో కొత్తగా పాతికమంది చేరారు. వాళ్ళకి కూడా ఇవ్వాళే కావాలంటున్నారు, కుదురుతుందా?"

"అప్పుడే పెట్టేశాను బాబూ" అంది కోడలు, తడిచేత్తో సొరుగుని నిమురుతూ.