కుక్కరులో మోగిన ఫోను

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి మా కుక్కరు మోగింది.

మూత సరిగ్గా పట్టక మూలపడేసిన పాత కుక్కరది. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం ఆరింటిదాకా మా ముగ్గురి ఫోన్లూ అందులోనే ఉండాలి. ఆ రూలు పెట్టింది నేనే. సెలవు రోజున కూడా తండ్రీకూతుళ్ళు చెరో ఫోనులో తలదూర్చి, కంచంలో ఏముందో చూడకుండా తింటుంటే ఒళ్ళు మండి పెట్టాను. కాకపోతే నా మటుకు ఒక వెసులుబాటు ఉంచుకున్నాను. ఎవరికో ఏదో జరిగి కంగారుగా ఫోను చేస్తే? అందుకని, మోగితే మూత తీసి మాట్లాడే అధికారం నా ఒక్కదానికే. మా ఆయన నన్ను కుక్కరు మంత్రి అంటారు. అననీ.

ఆ పొద్దున్న మోగింది మా అమ్మాయి ఫోను. వారమంతా లిఫ్టులు బాగుచేసే పిల్ల, ఆదివారం పదకొండు దాటితే గానీ లేవదు. అది ఈ పనిలో చేరి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళుగా నా గుండెలమీద ఒక రాయి ఉంది. శని ఆదివారాలు మాత్రం అది కాస్త పక్కకి జరుగుతుంది.

ఫోను చేసింది వాళ్ళ ఫోర్‌మన్.

"పడుకుంటే లేపకండమ్మా. లేచాక ఒక్క ముక్క చెప్పండి చాలు. నలభై అంతస్తుల బిల్డింగు పని మనకే వచ్చింది. జట్టుకి పెద్దగా మీ అమ్మాయినే పెడదామనుకుంటున్నా. ఐదింటికి పేర్లు ఆఫీసుకి పంపాలి. ఆలోగా సరేనని తను చెప్పాలి. లేదంటే ఇంకో అతని పేరు రాసేస్తా."

"చెప్తానండీ," అన్నాను.

నలభై! మేముండేది మూడో అంతస్తు. బాల్కనీలోంచి కిందికి చూస్తేనే నాకు అరికాళ్ళు జిల్లుమంటాయి. లిఫ్టు ఎక్కడం మాట అటుంచి, దాని ముందు నిలబడాలన్నా దడే. ఈ ఇంట్లోకి వచ్చిన ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఎక్కలేదు. మోకాళ్ళు పట్టేసినా మెట్లే. కన్నకూతురు లిఫ్టు మెకానిక్కు అయివుండి నువ్వు మెట్లెక్కడమేంటే అని మా ఆయన నవ్వుతారు. మెకానిక్కు తల్లిని కాబట్టే ఎక్కను. అవి ఎన్ని రకాలుగా చెడిపోతాయో రోజూ అన్నం తింటూ వినేది నేనే కదా.

అమ్మాయి ఆ కబురు కోసం మూడు నెలలుగా కళ్ళు కాయలు కాచేలా చూస్తోందని నాకు తెలుసు. "ఇంతవరకూ ఆడవాళ్ళనెవరినీ జట్టు పెద్దగా పెట్టలేదమ్మా, ఈసారి పెడితే నన్నే పెట్టాలి," అని ఎన్నిసార్లందో. అన్నీ తెలుసు. లేచాక చెప్దాంలే అనుకున్నాను.

లేచింది. టీ తాగాక చెప్దాంలే అనుకున్నాను.

కాలు ఒకచోట నిలవలేదు నాకు. తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచాను. వంటింటి కుళాయి నిన్నటి నుంచి కారుతోంది. టప్... టప్... ఆ చప్పుడు సరిగ్గా నా కణతల మీద పడుతున్నట్టుంది. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆదివారం ఆయనకి సోఫా తప్ప ఏ వాహనమూ వద్దు. కాళ్ళు బార్లా చాపుకుని పేపరులో గళ్ళ పజిలు నింపుతున్నారు.

"కుళాయి చూస్తానన్నారు నిన్న," అన్నాను.

"చూశాను. కారుతోంది."

"అబ్బ, ఏం చమత్కారం! వాషరు మార్చండి మహానుభావా."

"ఇంట్లో మెకానిక్కుని పెట్టుకుని డ్రైవరుని అడుగుతావేంటే?"

"నాన్నా, నేను సెలవులో ఉన్నా," అంది అమ్మాయి బల్ల మీద తల వాల్చి. టీలో ముంచిన బిస్కెట్టు సగం విరిగి కప్పులో పడింది. దాన్ని చెంచాతో వేటాడుతూ, తల ఎత్తకుండానే అడిగింది. "అమ్మా, పొద్దున్న కుక్కరు మోగినట్టనిపించింది. ఫోర్‌మన్ గానీ చేశాడా?"

సరిగ్గా అప్పుడే పైన డ్రిల్లు మాస్టారు మొదలెట్టాడు. మా నెత్తిన నాలుగో అంతస్తులో ఉంటాడు. ఆదివారం వస్తే గోడలకి కన్నాలు పెట్టకపోతే ఆయనకి తోచదు. ఇల్లంతా గుర్రుమంది. ఆ చప్పుడు ఆగేదాకా ఆలోచించుకోవడానికి నాకు టైము దొరికింది. అయినా నోట్లోంచి వచ్చింది ఇదే.

"ఎవరూ చెయ్యలేదే."

"నేనే చేసి అడిగితే?" అంది, తనలో తనే అనుకుంటున్నట్టు. మళ్ళీ తనే, "వద్దులే. అడుక్కున్నట్టుంటుంది," అంది.

అంతే, ఆ మాట దగ్గర వదిలేసింది. నేను చెబితే నమ్మేస్తుంది అది. చిన్నప్పటి నుంచీ అంతే.

మధ్యాహ్నం ముగ్గురం కూర్చుని తిన్నాం. కూర బాగా కుదిరిందన్నారిద్దరూ. నాకు గడ్డి నమిలినట్టుంది. భోజనాలయ్యాక పేకాట వేశాం. తండ్రి దొంగ ముక్క దాస్తే కూతురు పట్టుకుని ఆయన చొక్కా చేతులు దులిపింది. ఆ నవ్వులు చూస్తే, చెప్పకపోవడమే మంచిదైందనిపించింది. గోడ గడియారం చూస్తే, ఛీ నువ్వొక తల్లివేనా అనిపించింది. మూడున్నరకి మళ్ళీ కుక్కరు ఒకసారి గరగరలాడి ఆగింది. అదృష్టంకొద్దీ పైన డ్రిల్లు ఆగలేదు.

"ఇవాళ ఐదింటికే ఫోను తీసుకుంటానమ్మా," అంది అమ్మాయి. "ఆరిందాకా ఆగలేను."

తీస్తే, పొద్దుటి ఫోను కనిపిస్తుంది. ఎవరు మాట్లాడారో కూడా తెలిసిపోతుంది. అప్పుడే నాలుగు చినుకులు పడ్డాయి. మేడ మీద బట్టలున్నాయని వంక పెట్టుకుని, అమ్మాయి ఫోను తువ్వాలులో చుట్టి, బట్టల బుట్ట అడుగున పెట్టుకుని మెట్లెక్కాను. దాన్ని ఏం చేద్దామని? ఇప్పటికీ తెలీదు. ఐదు దాటేదాకా ఎక్కడో ఒకచోట ఉంటే చాలనుకున్నానేమో.

తడిసిన దుప్పట్లతో బుట్ట బండయింది. ఐదో అంతస్తుకి దిగేసరికి మోకాలు కలుక్కుమంది. కింద నుంచి అమ్మాయి గొంతు వినిపించింది.

"అమ్మా! ఆగు, బుట్ట నేను పట్టుకుంటా!"

గబగబా మెట్లెక్కేస్తోంది. బుట్ట దాని చేతికిస్తే? మళ్ళీ పైకి ఎక్కడానికి మోకాలు సహకరించదు. పక్కన లిఫ్టు తలుపు తీసుంది. ఎనిమిదేళ్ళ భయమూ ఆ క్షణాన ఎటు పోయిందో, బుట్టతో సహా లోపల దూరి, బయటి తలుపూ జాలీ తలుపూ లాగి, మూడు నొక్కేశాను.

కూతురికి భయపడి లిఫ్టెక్కిన తల్లిని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఒక అంతస్తు దిగింది. ఇంకొంచెం దిగి, ఎక్కిళ్ళు వచ్చినట్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. దీపం ఆరింది. కరెంటు పోయింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. తీగ తెగిందేమో. తెగబోతోందేమో. గాలి ఎంతసేపుంటుందో. బయటి తలుపుకున్న సన్నటి అద్దంలోంచి చూస్తే, కింద అంతా సిమెంటు గోడ, పైన నా కళ్ళ ఎత్తున నాలుగో అంతస్తు నేల. ఆ నేల మీద ఒక జత చెప్పులు వచ్చి నిలబడ్డాయి.

"ఎవరండీ లోపల? కంగారు పడకండి. నా దగ్గర అన్ని సామాన్లూ ఉన్నాయి. తలుపు సందులో కడ్డీ పెట్టి లేపేస్తా!" డ్రిల్లు మాస్టారు.

"అంకుల్, దాన్ని ముట్టుకోకండి!" అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. నేల మీద బోర్లా పడుకుని అద్దంలోంచి నా వంక చూసింది. "అమ్మా? నువ్వా? నువ్వు లిఫ్టెక్కడమేంటి?"

"మోకాలు నొప్పే," అన్నాను. అబద్ధం కూడా కాదు.

"సరే విను. తలుపు తాకొద్దు. వెనక గోడకి ఆనుకుని నిలబడు. గాలికేం ఢోకా లేదు. తీగ తెగదు." నేను అడక్కముందే అన్నీ చెబుతోంది. ఇంట్లో నాతో విసుక్కునే గొంతు కాదది. "నేనూ నాన్నా నా సంచీ తీసుకుని పైకెళ్ళి లిఫ్టు మోటారు మెయిన్ స్విచ్చి ఆపి, దానికి నా తాళం వేస్తాం. తాళంచెవి నా మెడలోనే ఉంటుంది. తర్వాత టక్కుమని చప్పుడొస్తుంది. అది బ్రేకు. చేత్తో చక్రం తిప్పుతూ నిన్ను మన అంతస్తుకి దింపుతా."

"కరెంటే లేదుగా, తాళమెందుకే?"

"మధ్యలో వస్తే? అందుకే."

"వేశాక సరిగ్గా పడిందో లేదో మళ్ళీ చూడవే."

"మూడుసార్లు చూస్తా. నువ్వు గ్యాసు చూసినట్టు. అంకుల్, మీరిక్కడే ఉండి అమ్మతో మాట్లాడుతూ ఉండండి. కడ్డీ మాత్రం అక్కడ పెట్టేయండి."

అది వెళ్ళిపోయింది. మా ఆయన ఆయాసపడుతూ మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది. చెప్పులు అటూ ఇటూ కదిలాయి. "మీ అమ్మాయి భలే గట్టిదండీ," అంది చెప్పుల్లోంచి వచ్చిన గొంతు.

నాలుగు నిమిషాలో, నలభయ్యో. ఉన్నట్టుండి నెత్తిన దీపం భగ్గున వెలిగింది. ఫ్యాను గిర్రున తిరిగింది.

"కరెంటొచ్చేసింది! ఒసేయ్, వచ్చేసిందే!" అని గొంతు చించుకుని అరిచాను. దాని చేతులు ఆ చక్రం మీద ఉంటాయి. ఇది ఇప్పుడు కదులుతుంది. దాని చేతులు! కళ్ళు గట్టిగా మూసుకుని గోడకి అతుక్కుపోయాను.

కదల్లేదు.

ఫ్యాను తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, బయట ఎవరింట్లోనో టీవీ కూడా మొదలైంది. నేనున్న పెట్టె మాత్రం ఈ వేలెడంత కూడా కదల్లేదు. అరచేతంత తాళం. దాన్ని అది రోజూ సంచీలో వేసుకుని వెళ్ళడం చూశాను. ఏ సామాన్ల గదికో అనుకున్నాను. నాలుగేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

అప్పుడు బుట్టలో ఫోను మోగింది. దుప్పట్లన్నీ కింద పడేసి తీశాను. నాలుగూ యాభై రెండు.

"ఏమ్మా, అమ్మాయి పలకదేం?" ఫోర్‌మన్. "ఇష్టం లేదనుకోమంటారా? పేరు రాసేస్తున్నా."

ఇష్టం లేదంటే చాలు. ఊరుకున్నా చాలు.

"రాయకండి," అన్నాను. "నేనే చెప్పలేదండీ దానికి. పొద్దున్నే చెప్తానని మీతో అని, చెప్పలేదు. తప్పు నాది. ఇప్పుడు నేను లిఫ్టులో ఇరుక్కున్నాను. అది పైన ఉంది, నన్ను దింపుతోంది. దిగగానే మాట్లాడిస్తాను. కాస్త ఆగండి బాబూ."

"లిఫ్టులో ఉన్నారా? వెనక గోడకి ఆనుకోండి ముందు. తలుపు తాకకండి." అచ్చం దాని మాటలే. "తాళం వేసిందా?"

"వేసిందండీ."

"అయితే దిగిపోతారు. ఐదుంబావు దాకా చూస్తా. ఆ పైన నా చేతుల్లో లేదు."

పైన చెప్పులు కదలకుండా నిలబడ్డాయి. "చెప్పలేదా అమ్మా?" అన్నాడు డ్రిల్లు మాస్టారు మెల్లగా.

టక్కుమంది. అన్నట్టుగానే జానెడు జానెడు చొప్పున దిగాను. నాలుగో అంతస్తు నేల పైకి పోయింది, గోడ పోయింది, మా వరండా వచ్చింది. కాసేపటికి అమ్మాయి వచ్చి తలుపు తెరిచింది. చేతులకి గ్రీజు, నుదుటి మీద గ్రీజు. నవ్వుతూ చెయ్యందించబోయి, నా చేతిలో తన ఫోను చూసి ఆగింది.

"ఫోర్‌మన్ పొద్దున్న తొమ్మిదింటికి చేశాడే," అన్నాను. "నువ్వే పెద్దవట. ఐదుంబావులోగా చెప్పాలట."

ముఖంలో నవ్వు ఎలా ఉన్నది అలాగే ఉండి, మెల్లగా చల్లారింది. ముందు నా మోచెయ్యి పట్టుకుని గడప దాటించింది. తర్వాత ఫోను తీసుకుని, మెట్ల మలుపు దాకా వెళ్ళి మాట్లాడింది. "సరే సార్. రేపు ఏడింటికా? వస్తాను." అంతే విన్నాను. ఫోను జేబులో పెట్టుకుని, తాళం తీయడానికి మళ్ళీ పైకి వెళ్ళిపోయింది.

కూతురి వెనకే దిగొచ్చిన మా ఆయన లిఫ్టులో దుప్పట్లు ఏరుతూ, "మంత్రిగారి పదవి పోయింది," అన్నారు.

కిందికి వచ్చాక అమ్మాయి నా వంక చూడకుండా ఇంట్లోకి నడిచింది. చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళి, కారుతున్న కుళాయి వంక చూస్తూ నిలబడింది. సంచీ తెచ్చుకుంది. ముందు పైపు కట్టేసింది. వాషరు మార్చింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

"భయమేసిందే," అన్నాను.

"నీకు ఎప్పుడు వెయ్యలేదమ్మా?" అంది, వెనక్కి తిరగకుండానే. "అది నాకు అలవాటే. ఎవరూ చెయ్యలేదన్నావు చూడు, దానికి అలవాటు పడలేను."

"ఇంకెప్పుడూ అననే."

అది కుళాయి తిప్పి చూసింది, కట్టి చూసింది, వేలు పెట్టి మళ్ళీ చూసింది. మూడుసార్లు. సామాన్లు సర్దుకుని, తాళం కూడా సంచీలో వేసుకోబోతుంటే, "ఒకసారి ఇటివ్వవే," అన్నాను. ఒక క్షణం నా వంక చూసి, అరచేతిలో పెట్టింది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. నొక్కాను. లాగి చూశాను. మళ్ళీ లాగి చూశాను.

"పడిందా?" అంది.

"పడింది."

"ఇలా తే మరి. రేపటికి కావాలి."

ఇచ్చేశాను. అది గదిలోకి వెళ్ళిపోయింది. కుళాయి కారడం ఆగిపోయింది, పైన డ్రిల్లు కూడా లేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఇక ఏం వినాలో తెలియక, వెళ్ళి గ్యాసు చూసొచ్చాను.