కొట్టకూడని ముద్ద

ఆదివారం పొద్దున లేవగానే దర్జీ చేసే మొదటి పని, గాజు సీసాలో పులుస్తున్న తోడుపిండికి మేత వెయ్యడం. ముందు సగం తీసి గిన్నెలో పెడతాడు. మిగిలిన సగంలో గుప్పెడు మైదా, కాసిని నీళ్లు పోసి కలుపుతాడు. తీసిన సగాన్ని పారెయ్యడం మాత్రం కుదరదు. ఓసారి సింకులో పోస్తే అక్కడే అడ్డం పడింది. బాగుచెయ్యడానికొచ్చిన ప్లంబరు దాన్ని ఇనపకడ్డీతో నాలుగు పోట్లు పొడిచాడు. అది అతని బొటనవేలు పట్టేసింది.

"మీదీ కరిచే రకమేనా? మా అత్తగారి పిండైతే తన్నేది," అన్నాడతను వేలు చప్పరించుకుంటూ, మళ్లీ పనిలో పడి.

అందుకని ఆ మిగులు పిండితో వారం వారం పిజ్జా. ఇంకాస్త మైదా, ఉప్పు, చెంచాడు నూనె చేర్చి ముద్ద చెయ్యాలి. లాగాలి, మడవాలి, అరగంట పడుకోబెట్టాలి, మళ్లీ లాగాలి. కొట్టకూడదు. ఒక్క దెబ్బ పడిందా, పట్టేసుకుంటుంది. వంటింటి మొహం చూసిన ఎవరికైనా తెలిసిన సంగతే.

దర్జీకి అసలు కొట్టడమే రాదు. ఈగని కూడా బతిమాలి బయటికి పంపే రకం. మనిషి కనబడితే చాలు, కంటితోనే కొలుస్తాడు. కొలత పెరిగినకొద్దీ భయపడతాడు. ఛాతీ నలభై దాటితే 'అండీ' అంటాడు. నలభై రెండు దాటితే కుర్చీ వేస్తాడు. బావ ఛాతీ నలభై ఆరు.

బావ పాత భవనాలు పడగొట్టే పని చేస్తాడు. పగలు గోడలు, ఇంటికొస్తే అక్క. పదకొండేళ్లలో అక్క ముక్కు రెండుసార్లు విరిగింది. కిందటి వారం ఎడమ మణికట్టు. ఆసుపత్రిలో కట్టు వేయించుకుని, సరాసరి తమ్ముడింటికొచ్చి, "ఇంక వెళ్లనురా," అంది. "అలాగే అక్కా," అన్నాడు దర్జీ. అన్నాడే గాని, ఆ వారమంతా గుమ్మంవైపు చూస్తూ కుట్టాడు. మూడు చొక్కాలకి కుడిచేతులు ఎడమవైపు పడ్డాయి.

ఈ ఆదివారం అక్క ఒంటిచేత్తో ముద్ద మడుస్తుండగా వీధి తలుపు గడియ ఊడి గది మధ్యలో పడింది. వెనకే బావ.

"రండి బావా," అన్నాడు దర్జీ. కుర్చీ కూడా లాగాడు.

బావ ఆ కుర్చీని ఎత్తి గోడకేసి కొట్టాడు. తర్వాత దర్జీని. చెంప మీద ఒక్కటే, కాని అది గోడలు పడగొట్టే చెయ్యి. పన్నొకటి ఊడి నాలుక మీద కూచుంది. నేల పాడవుతుందని దర్జీ ఆ పన్నునీ రక్తాన్నీ అరచేతిలోకే ఉమ్ముకుని, బావ వెనకాలే వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"సర్దుకో. పద," అన్నాడు బావ.

"నేను రాను," అంది అక్క తలెత్తకుండా. "చేతిలో పనుంది."

"రావూ?"

కట్టు మీదే పట్టుకుని మెలితిప్పాడు. గట్టిపడిన సుద్ద పటపటమని పగిలింది. అక్క వేసిన కేకకి పై అంతస్తులో కిటికీ ఒకటి తెరుచుకుని, వెంటనే మూసుకుంది.

"ఎవణ్ణి చూసుకుని నీకింత పొగరు? ఈ సూదిగాణ్ణా? నువ్వూ, నీ పిజ్జాలూ!"

పిడికిలి బిగించి, ముద్ద మీదికి ఎత్తాడు. పదకొండేళ్లు ఆవిడ చేతి రొట్టె తిన్నవాడు. ఒక్కరోజైనా ఆవిడ పక్కన నిలబడి చూసుంటే తెలిసేది.

దర్జీకి తెలుసు. 'ఆగండి బావా, దాన్ని కొట్టకూడదు.' మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. బతుకంతా అతని పని అదే: సూదుంది జాగ్రత్త, మెట్టుంది జాగ్రత్త. పిడికిలి పైన ఓ క్షణం ఆగింది. దర్జీ పై పెదవినీ కింది పెదవినీ కలిపి, పళ్ల మధ్య పెట్టుకుని, ఉన్న పళ్లన్నిటితో కరిచిపట్టాడు.

పిడికిలి దిగింది.

ముద్ద దాన్ని మణికట్టు దాకా మింగి బిగిసింది. ముందు వేళ్లు, ఒక్కొక్కటే, ఎండుపుల్లలు విరిచినట్టు. తర్వాత అరచెయ్యి. బావ గావుకేకలు పెడుతూ చేతిని బల్లకేసి బాదాడు. బాదినకొద్దీ ముద్ద పైకి పాకింది, ఎర్రబడింది.

"కదలకు," అంది అక్క. "పెనుగులాడితే ఇంకా ఎక్కువవుతుంది."

పదకొండేళ్ల కాపరంలో ఆవిడ నేర్చుకున్న విద్య అది.

"తియ్యవే! నీ కాళ్లు పట్టుకుంటా, తియ్యవే!"

మేత పడితే వదుల్తుంది. అక్క మైదా డబ్బా అందుకుని, మూత తీసి, కాసేపు చూసింది. కాసేపంటే, మోచెయ్యి దాకా. అప్పుడు గుప్పెడు చల్లింది. ముద్ద మెల్లగా నోరు తెరిచింది.

ఆసుపత్రిలో డాక్టరు "ఏ పిండి?" అని అడిగి, మైదా అనగానే రాసుకున్నాడట. ఎముకలైతే అతికాయిగాని ఆ వేళ్లు మళ్లీ మడతపడలేదు. సుత్తీ పట్టవు, జుట్టూ పట్టవు. ఎవరి ఎదుటైనా ఆ చెయ్యి చాచే ఉంటుంది. అక్క కోసం అతను మళ్లీ రాలేదు.

అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం అక్క కొత్త కట్టుతో వచ్చి, తమ్ముడి చెంపకి తడిగుడ్డ అద్దుతూ అడిగింది.

"అతనికి తెలీదు సరే. నీకు తెలుసుగా. చెప్పలేదేంరా?"

"నోటి నిండా రక్తం కదక్కా."

"అప్పటికే ఉమ్మేశావు. నీ అరచేతిలో చూశాను."

దర్జీ మెడలో టేపు తీసి చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు.

"భయమేసిందక్కా."

"అతనికి చెప్పడానికా?"

"కాదు. ఎక్కడ చెప్పేస్తానో అని."