ఆర్విల్ ఇచ్చిన జెట్లు

రూడీకి చేతులు వణకడం మొదలయ్యాక కార్బ్యురేటర్ పని భార్య డార్లా మీద పడింది. అరవై తొమ్మిది నాటి షెవెల్ పందెం కారు వాళ్లది. దాని ఇంజను రూడీ ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆఖరిసారి బిగించినదే. అది పాడైతే మళ్లీ కట్టేవాళ్లు ఆ ఇంట్లో లేరు.

ఆ ఆదివారం ఒహాయోలో చలి ముందే దిగింది. మధ్యాహ్నం ఇద్దరిద్దరుగా కార్ల పందేలు, పొద్దున్న పరీక్ష పరుగులు. డార్లా ఒక పరుగు తీసి, తిరుగుదారిలో బండిని నెమ్మదిగా తమ చోటికి తెచ్చుకుని స్పార్క్ ప్లగ్గు విప్పింది. నల్లటి మసి. పెట్రోలు ఎక్కువవుతోందనుకుని కార్బ్యురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్లు మార్చి, సన్న బెజ్జమున్నవి వేసింది. మళ్లీ పరుగు తీస్తే మళ్లీ మసే. ఇంకా సన్నవి వేసింది. ఎండ కోసం ప్రేక్షకుల మెట్ల మీద కూర్చున్న రూడీకి వెళ్లి మసి అని చెబితే, అయితే తగ్గించు అన్నాడు. ప్లగ్గు ఎక్కడ విప్పుతోందో అడగాలని ఆయనకు తోచలేదు.

మూడో పరుగుకి బయల్దేరబోతుంటే ఆర్విల్ ట్రాస్క్ వచ్చి కిటికీ మీద చెయ్యి వేశాడు. మధ్యాహ్నం ఆమెతో పోటీపడాల్సింది అతనే. రూడీని ఓడించడానికే పుట్టినట్టు మాట్లాడే మనిషి.

"డార్లా, వేగం అందుకునేసరికి నీ బండి చిటపటలాడుతోంది. ప్లగ్గు ఎక్కడ చూస్తున్నావు?"

తిరిగొచ్చి మా చోట ఆగాక, అని చెప్పింది.

"అయ్యో తల్లీ. ఆ మసి నిదానంగా తిరిగొచ్చినప్పుడు పట్టింది. ముగింపు గీత దాటగానే, యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యకముందే ఇంజను ఆపెయ్యి. క్లచ్ తొక్కి దొర్లనివ్వు. ఆగినచోటే విప్పి చూడు. ముందు ఆ సన్నవి తీసెయ్, పెట్రోలు చాలక వేడెక్కి పిస్టను కరిగిపోతుంది."

డార్లా ఇంజను ఆపి దిగింది. నన్ను ఓడించాల్సినవాడివి నువ్వే కదా అంది.

"ఓడిస్తాను. కాలిపోయిన బండిని ఓడించానని రూడీకి ఏ మొహంతో చెప్పను? బతికున్నంత కాలం దెప్పుతాడు."

పాత జెట్లు, కొత్త ప్లగ్గులు వేసి అతను చెప్పినట్టే చేసింది. ప్లగ్గు తెల్లగా ఉంది. తెల్లగా ఉంటే పెట్రోలు చాలనట్టు, చలిగాలికి ఇంకాస్త కావాలన్నాడు ఆర్విల్. తన పెట్టెలో వెతికి, ఒక సైజు పెద్ద బెజ్జమున్న జెట్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఈసారి ప్లగ్గు ఉండాల్సినట్టే లేత గోధుమరంగులో వచ్చింది. ఆమె దాన్ని పట్టుకుని మెట్లెక్కి వెళ్లి రూడీకి చూపించింది. ఆయన దాన్ని చూసి, ఆర్విల్ ఉన్నవైపు చూశాడు.

మధ్యాహ్నం ఆర్విలే గెలిచాడు, బానెట్ పొడుగంత తేడాతో. డార్లా కృతజ్ఞత చెప్పుకుందామని వెళ్లింది. మాట మొదలుపెట్టేలోపే అతను తన బండి ప్లగ్గు ఆమె ముందు పెట్టాడు.

"నా కళ్లు మునుపటిలా లేవు. ఎలా ఉందో చూసి చెప్పు."

డార్లా దాన్ని వెలుతురుకి తిప్పి జాగ్రత్తగా చూసింది. కాస్త నలుపు తిరిగింది, ఒక సైజు తగ్గించమంది. ఆర్విల్ వెంటనే స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఆమె అక్కడే నిలబడి, అతనికి కావలసిన జెట్లు పెట్టెలోంచి వెతికి తీసింది.